నైరుతిలో సముద్రం, ఈశాన్యంలో సంపు

1999 వేసవి మొదట్లో నన్ను పెనుకొండ డిపో నుంచి ధర్మవరం సైటుకు మార్చారు. నేను పనిచేసింది మంచినీటి పథకాలకు పైపులైన్లు వేసే ఒక కాంట్రాక్టు సంస్థలో. అందులో మెట్లు ఇవి: హెల్పరు, ఫిట్టరు, మేస్త్రీ, సూపర్‌వైజరు. ఆపైన ఇంజనీరు, ఆయనపైన కాంట్రాక్టరు, కాంట్రాక్టరుపైన ఆయన భార్య. నేను హిందూపురంలో హెల్పరుగా చేరి, ధర్మవరంలో సూపర్‌వైజరుగా దిగాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతాది పెనుకొండ గ్రంథాలయంలో సాగింది. డిపోలో పని సాయంత్రానికి అయిపోయేది. గదికి పోయి పేకాట చూడటం కన్నా చదవడం మేలనిపించి, ద్రవాల ఒత్తిడి మీద ఉన్న పాత పాఠ్యపుస్తకం మొదలుకొని విజ్ఞాన సర్వస్వం సంపుటాల దాకా వరసగా చదివాను. ఇంజనీరింగు విద్యార్థులు ఆ పుస్తకాన్ని పరీక్ష కోసం చదివి, పరీక్ష కాగానే మరిచిపోతారు. నాకు పరీక్ష లేదు గనుక మరిచిపోయే సందర్భం రాలేదు.

ధర్మవరంలో దిగిన వారానికే కాంట్రాక్టరు పిలిచి, ఊళ్లో తన స్నేహితుడు నారాయణప్ప అనే పట్టుచీరల షావుకారు కొత్త ఇల్లు కట్టాడని, ఆ ఇంట్లో "చిన్న నీళ్ల పని" ఉందని చెప్పాడు. మా సంస్థలో రాతపూర్వకంగా వచ్చే ఆదేశాలకు బిల్లు ఉంటుంది, నోటిమాటగా వచ్చే వాటికి మర్యాద ఉంటుంది. ఇది రెండో రకం.

ఆ చిన్న నీళ్ల పని ఏమిటంటే, ఇంటి హాల్లో సముద్రం పెట్టడం.

దీని వెనుక తర్కం ఉంది. నారాయణప్ప జాతకంలో కుజుడు సరిగా లేడని ఎవరో చెబితే కొన్నేళ్ల క్రితం పగడపు ఉంగరం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి వ్యాపారం పెరిగింది. ఆ కాలంలో ధర్మవరంలో అందరి వ్యాపారమూ పెరిగిందన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు. ఒకసారి బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో గాజు తొట్టెలో బతికి ఉన్న పగడపు దిబ్బను చూశాడు. వేలికి ఉన్న చిన్న పూస ఇంత చేస్తే, బతికున్న కొండ ఎంత చేస్తుందో అని ఆయనకు తోచింది. దానికి తోడు హిందూపురంలో ఆయనకు పోటీ వ్యాపారి ఒకడు దుకాణంలో బంగారు చేపల తొట్టె పెట్టాడు.

"వాడు చెరువు పెట్టినాడు. మనం సముద్రం పెడతాము. ఏమప్పా, అయితాదా కాదా?" అన్నాడు నన్ను చూడగానే.

అవుతుందన్నాను. ఆ రోజుల్లో ఆ వీధి కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. మేము మాట్లాడుతున్నప్పుడు కూడా గేటు బయట ఆడవాళ్లు బిందెలు వరసపెట్టి ట్యాంకరు కోసం కూర్చున్నారు. వాళ్ల వరసను పక్కకు జరిపించి, బెంగళూరు నుంచి వచ్చిన గాజు తొట్టెను లోపలికి మోయించారు. పెద్దమనిషి ఒకడు కాళ్లు చాపి పడుకోగలిగినంత పొడవు, గుండెల లోతు. దాన్ని అమ్మినవాడు ఒక డ్రాయింగు, ఉప్పు డబ్బాలు, పంపు, కొన్ని గొట్టాలు ఇచ్చి, పగడాలూ చేపలూ నీళ్లు కుదిరాక తెస్తానని చెప్పి భోంచేసి వెళ్లిపోయాడు.

చదువరులకు ఈ ఏర్పాటు క్లుప్తంగా చెప్పాలి. పగడపు తొట్టె అంటే ఒక తొట్టె కాదు, రెండు. పైన కనబడేది ప్రదర్శన కోసం. కింద బీరువాలో దాగి ఉండేది సంపు. పై తొట్టెలో నీళ్లు అంచు దాటి ఒక గొట్టం గుండా సంపులోకి దిగుతాయి. అక్కడ వడపోత జరుగుతుంది. పంపు వాటిని ఇంకో గొట్టం గుండా మళ్లీ పైకి తోస్తుంది. సంపులో స్కిమ్మర్ అనే పరికరం ఒకటి ఉంటుంది. అది సన్నటి గాలిబుడగలతో నీళ్లలోని మలినాన్ని నురగగా లేపి పైనున్న గిన్నెలోకి తోస్తుంది. ఆ గిన్నెలో చేరే ద్రవం రంగుకు టీ లాగా, వాసనకు ఎండలో మరిచిపోయిన చేపల బుట్ట లాగా ఉంటుంది.

ఇత్తడి, రాగి దరిదాపుల్లోకి రాకూడదు. రాగి అణువంత కలిసినా పగడం చచ్చిపోతుంది. ఎందుకంటే పగడం రాయి కాదు, జంతువు. ఈ ముక్క చెప్పినందుకు నారాయణప్ప తల్లి, ఇంట్లో అందరూ అవ్వ అని పిలిచే పెద్దావిడ, నన్ను కొంతకాలం నమ్మలేదు.

"రాయికి పానముంటాదా నాయనా? అట్లయితే వీడు వేలికి పెట్టుకునింది పీనుగనా?" అంది.

పుస్తకం ప్రకారం అవుననే చెప్పాలి. చెప్పాను. నారాయణప్ప రెండు రోజులు ఉంగరం తీసి జేబులో పెట్టుకుని, మళ్లీ తొడుక్కున్నాడు.

ఉప్పు సంగతిలోనూ సలహాలకు కొదవ లేదు. రాతి ఉప్పు మూట ఒకటి గుమ్మరిస్తే చాలదా అని ఒక బంధువు అడిగాడు. సముద్రపు నీటిలో సున్నం, మెగ్నీషియం వంటివి ఏ పాళ్లలో ఉంటాయో నేను చెప్పడం మొదలుపెడితే, "పుస్తకాలోడు వచ్చినాడప్పా" అని లేచిపోయాడు. మా బోరు నీళ్లలో సున్నమూ ఫ్లోరైడూ ఎటూ కావలసినంత ఉన్నాయి. ఆ నీళ్లు తాగే మన పళ్లు చూసుకుంటే తెలుస్తుంది. అందుకని నీటిని ముందు శుద్ధి చేసి, ఆ తరువాత డబ్బా ఉప్పు కలిపాము.

ఇంతవరకు నాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది వాస్తు సిద్ధాంతి రూపంలో హిందూపురం బస్సు దిగింది.

ఆయన హాలంతా కలియతిరిగి, డ్రాయింగు తిప్పి తిప్పి చూసి, పైన ఉండేది ఓవర్‌హెడ్ ట్యాంకు కిందికి వస్తుంది గనుక దాని స్థానం నైరుతి అని, కింద ఉండేది సంపే గనుక దాని స్థానం ఈశాన్యం అని తీర్పు చెప్పాడు. రెండూ ఒకదాని కింద ఒకటి ఉంటే యజమానికి నష్టం. నైరుతికీ ఈశాన్యానికీ మధ్య హాలు మొత్తం ఉంది. ఈశాన్యంలో దేవుడి గది ఉంది.

సంపు దేవుడి గదిలో పెట్టడమేమిటని అడిగాను.

"సముద్రుడు దేవుడు కాదా?" అని సిద్ధాంతి నన్నే ఎదురడిగాడు.

స్కిమ్మర్ వాసన గురించి చెప్పబోయాను. అగరుబత్తులు ఉన్నాయి గదా అన్నాడు నారాయణప్ప. దాంతో కొత్తగా పాలిషు పట్టిన బండల నేలను మూల నుంచి మూలకు ఉలితో చీల్చి, రెండు గొట్టాలు పూడ్చాము. నీళ్లు తమంతట తాము దిగాలంటే సంపు లోతులో ఉండాలి కాబట్టి దేవుడి గది నేలలో గుంత తవ్వి అందులో దించాము. ఇల్లు కట్టినవాడికి ఈ నేల చూపించకండని మా మేస్త్రీ చేతులు జోడించి చెప్పాడు.

ఇక్కడ అసలు విషయం. పంపు నడిచేటప్పుడు నీళ్లు ఎక్కడికి పోతాయో డ్రాయింగు చూపిస్తుంది. పంపు ఆగితే ఎక్కడికి పోతాయో చూపించదు. కరెంటు పోగానే, పైకి తోసే గొట్టం తిరగబడి, పై తొట్టె నీళ్లను సంపులోకి లాగడం మొదలుపెడుతుంది. డ్రమ్ములోంచి కిరసనాయిలు గొట్టంతో లాగడం చూసినవారికి ఇది కొత్త కాదు. గొట్టం మూతి ఎంత లోతున ఉంటే అంత లోతు దాకా లాగుతుంది. బెంగళూరు డ్రాయింగులో ఆ మూతి తొట్టె అడుగున, రాళ్ల వెనక ఉంది. దీనికి విరుగుడుగా పంపు దగ్గర ఒకే వైపు తెరుచుకునే వాల్వు ఇచ్చారు. బావి మోటార్లకు పెట్టే ఫుట్ వాల్వు లాంటిదే. ఆ వాల్వులో ఆకు ఇరుక్కుంటే ఏమవుతుందో తాడిమర్రి వైపు ఏ రైతును అడిగినా చెబుతాడు. అందుకని నేను వాల్వును నమ్మకుండా, ఆ గొట్టానికి నీటిమట్టం కింద వేలెడు లోతున ఒక రంధ్రం చేశాను. నీళ్లు ఆ రంధ్రం దాకా దిగగానే గాలి లోపలికి పోయి లాగుడు ఆగిపోతుంది. వేలెడు లోతు నీళ్లకు సంపులో చోటు వదిలాను. పంపు ఆపి చూపించాను. ఆగిపోయింది.

ఒకే చిక్కు. పంపు నడుస్తున్నంతసేపూ ఆ రంధ్రం నుంచి నీళ్లు బుసకొట్టేవి. అది నారాయణప్పకు కనబడేది.

"కొత్త పైపుకు బొక్క పెట్టినావేంటికప్పా? సూసినోళ్లు ఏమనుకుంటారు?"

కారణం చెప్పాను. రెండోసారి చెప్పాను. అది బొక్క కాదు, కాపలా అని కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు. షావుకార్ల తల ఊపుడుకు అర్థం చీరల బేరం చేసినవారికే తెలుస్తుంది.

నీళ్లు కుదిరాయి. పగడాలు వచ్చాయి, చేపలు వచ్చాయి. ప్రారంభోత్సవానికి ముహూర్తం పెట్టారు. అదే రోజు హిందూపురం నుంచి ఒక పెళ్లి పార్టీ చీర తీసుకోవడానికి రావాల్సి ఉంది. రెండూ కలిసొస్తాయని నారాయణప్ప వాళ్లను భోజనానికి కూడా పిలిచాడు.

ఆ చీర నేసినది లక్ష్మీదేవి. మగ్గానికి ఒక పక్క భర్త, ఇంకో పక్క ఆమె, ఇద్దరూ నెలల తరబడి కూర్చుని నేసిన ముహూర్తం చీర. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్లి చీర మగ్గం దిగాక, పార్టీ చేతికి ఇచ్చేదాకా దేవుడి ముందు పీట మీద పెడతారు. ధర్మవరం వ్యాపారంలో ఒక కట్టుబాటు కూడా ఉంది: చీర పార్టీ చేతికి పోయేదాకా డాగు మగ్గానిదే. అంటే అప్పటిదాకా ఏ మరక పడినా నష్టం నేసినవాళ్లది, అది షావుకారు ఇంట్లో పడినా సరే. ఈ కట్టుబాటు రాసినవాళ్లెవరో తెలియదు కానీ, వాళ్లు నేత పని చేసి ఉండరు.

పొద్దున చీర తెచ్చిన లక్ష్మీదేవి దేవుడి గదిలోకి తొంగి చూసి ఆగిపోయింది. పీటకు పక్కనే నేలలో నీళ్ల గుంత, అందులో గుడగుడలాడే గొట్టం.

"నీల్ల పక్కన పట్టు పెడతారా అవ్వా? పైగా ఉప్పునీల్లు. జరీ నల్లబడితే మా కొంప మునుగుతాది."

"దేవుని ముందర పెట్టినది యాడికి పోతాదే? నువ్వు ఊరికే బయపడతాండావు" అంది అవ్వ.

లక్ష్మీదేవి చీరను పీట మీద పెట్టింది. పెట్టి, ఇంటికి పోకుండా దేవుడి గది గడప దగ్గరే కూర్చుంది. భోజనానికి పిలిచినా లేవలేదు. పార్టీ చేతికి ఇచ్చాకే తింటానంది.

ముహూర్తానికి పురోహితుడు సముద్ర పూజ చేశాడు. పూజ పై తొట్టెకు చేయాలా సంపుకు చేయాలా అని కొంత చర్చ జరిగి, దేవుడి గదిలో ఉన్నదే అసలు సముద్రమని తేల్చారు. పసుపు, కుంకుమ వద్దని నేను బతిమాలితే ఒప్పుకున్నారు. అక్షింతలు వద్దన్న మాట నాకు తోచలేదు, ఎందుకంటే సంపులో అక్షింతలు వేస్తారని ఏ పుస్తకంలోనూ రాసి లేదు. వచ్చినవాళ్లంతా తలా పిడికెడు వేశారు. పంపు వాటిని కూడా మర్యాదగా పైకి తోసింది. పై తొట్టెలో చేపలకు కూడా ఆశీర్వాదం అందింది.

కరెంటు కోత వేళ అదే. ఆ పూట కోత ఉండదని ఎవరో నారాయణప్పకు మాట ఇచ్చారట.

నేను బంతిలో కూర్చుని పప్పు కలుపుకుంటున్నాను. ఫ్యాను ఆగింది. నేను కంగారు పడలేదు. రంధ్రం ఉంది, వాల్వు ఉంది. హాల్లో అతిథులు తొట్టె ముందు గుంపుగా ఉన్నారు. చీకటి పడిన నీళ్లలో మట్టం కిందికి జారడం వాళ్లకు కనబడింది. ఎవరో కేక వేశారు.

"సూడండప్పా, అల ఎనక్కి పోతాండాది!"

"సముద్రమంటే అంతే గదా. వచ్చేదీ పోయేదీ ఉంటాది" అని ఇంకొకరు వివరించారు. చప్పట్లు కూడా కొట్టారు.

నేను పప్పు చేత్తోనే లేచాను. మట్టం వేలెడు దగ్గర ఆగలేదు. మూరెడు దాటి దిగుతోంది. స్టూలెక్కి చూస్తే, నేను పెట్టిన రంధ్రం మీద లీకులకు పూసే ముద్ద నున్నగా అంటించి, పైన నీలం రంగు కూడా వేశారు. పనితనం బాగానే ఉంది. వాల్వు మూత మధ్య అక్షింత గింజ ఇరుక్కుందని తరువాత విప్పినప్పుడు తెలిసింది.

అప్పటికి ఈశాన్యంలో ఏం జరుగుతోందో హాల్లో ఎవరికీ తెలియదు. దేవుడి గదికి ఎత్తయిన రాతి గడప ఉంది. సంపు నిండి పొంగిన నీళ్లను ఆ గడప బయటికి రానివ్వకుండా పట్టి ఉంచింది. ఆ గది మొత్తం ఇంకో తొట్టె అయింది. లక్ష్మీదేవి అరుపు విన్నాకే అందరూ అటు తిరిగారు.

"సావుకారీ! నీల్లు! దేవుని గూట్లోకి వస్తాండాయి!"

నేను గొట్టాన్ని తొట్టె అంచు దగ్గర వంపు మీద కొట్టి విరిచాను. గాలి లోపలికి పోయింది. గొట్టం ఒకసారి గుటక వేసి ఆగింది. దేవుడి గదికి పోయేసరికి లక్ష్మీదేవి మోకాళ్ల దాకా తడిసి, చీరను రెండు చేతులతో నెత్తికి ఎత్తి పట్టుకుని గడప మీద నిలబడి ఉంది. పీట నీళ్ల మీద తేలుతోంది. చీర ఒక మడత కింది అంచు మాత్రం తడిసింది. ఆ తరువాత దాన్ని మంచినీళ్లతో కడిగి ఆరబెట్టినా, అంచు వెంట జానెడు మేర జరీ వెలిసి, తెల్లటి చార మిగిలింది.

నారాయణప్ప ముందు తొట్టె చూశాడు. తరువాత చేపలను చూశాడు. ఆఖరున చీరను చూశాడు. చూసి, అందరూ వింటుండగా అలవాటైన మాటే అన్నాడు.

"పార్టీ చేతికి పోలేదు గదా లక్ష్మీదేవీ. డాగు మగ్గానిదే అయితాది. నేనేం చేసేది."

ఆమె చీర కిందికి దించలేదు.

"సముద్రం మీది, మరక మాదా?" అంది.

సిద్ధాంతి దిక్కులు చూశాడు. ఈసారి వృత్తిరీత్యా కాదు. ఆ ముద్ద ఎవరు పెట్టారని నేను అడిగాను. నారాయణప్ప బావమరిది తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. వేళ్ల మీద నీలం రంగు ఇంకా పోలేదు.

అప్పుడు హిందూపురం పార్టీ తరఫున వచ్చిన పెళ్లికూతురి అవ్వ, అప్పటిదాకా కుర్చీలో కూర్చుని అంతా చూస్తున్న మనిషి, లేచి చీర అంచు వేలితో తడిమి చూసింది.

"నేత బాగుండాదమ్మా" అంది లక్ష్మీదేవితో. తరువాత షావుకారు వైపు తిరిగింది. "ఏమప్పా నారాయణప్పా, ఈ చీర నువ్వే పెట్టుకో. మాకు ఇట్లాంటిదే ఇంగొకటి ఈ యమ్మ చేతనే నేయించు. పెండ్లి ఇంకా దూరముండాది. దీని దుడ్లు ఆ యమ్మకు ఇచ్చినాకనే మా బేరం. లేదంటే హిందూపురంలో బంగారు చేపలాయన ఉన్నాడు గదా, ఆడికే పోతాము."

కుజుడు చేయలేని పని ఆ చివరి మాట చేసింది. నారాయణప్ప అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. లక్ష్మీదేవి చీర దించి ఆయన చేతిలో పెట్టి, అప్పుడు పోయి భోజనానికి కూర్చుంది. ఆ రోజు ఆ ఇంట్లో కడుపునిండా తిన్నది బహుశా ఆమె ఒక్కతే.

తొట్టె అడుగున మిగిలిన నీళ్లలో చేపలు కొన్ని బతికాయి. పగడాలు కొద్దిరోజుల్లో సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. ఇప్పుడవి అచ్చంగా రాళ్లేనని నారాయణప్ప తల్లి తృప్తిపడింది. ఆ తరువాత పగడాలను పట్టడం, అమ్మడం నేరమని చట్టం కూడా వచ్చింది. అప్పటికి ఆ ఇంట్లో నేరం చేయడానికి పగడమేమీ మిగల్లేదు. తొట్టెలో కొన్నాళ్లు బంగారు చేపలు పెట్టారు. పోటీ వ్యాపారిని చూసి పెట్టారన్న మాట పడటం ఇష్టం లేక వాటినీ తీసేశారు.

2000 తరువాత ఎప్పుడో ఒక పని మీద ధర్మవరం పోయినప్పుడు చూశాను. తొట్టెను దుకాణంలోకి మార్చారు. నీళ్లు లేవు. లోపల నీలం లైటు కింద ఆ చీర పరిచి ఉంది, వెలిసిన అంచు పైకి కనబడేటట్టు. నారాయణప్ప ఒక పార్టీకి చెబుతున్నాడు.

"సముద్రుడే వచ్చి తాకిన చీరమ్మా ఇది. అమ్మేది కాదు. సూసి కండ్లకద్దుకుని, ఇట్ల వచ్చి కూసోండి, వేరేవి చూపిస్తా."

వాళ్లు కళ్లకద్దుకున్నారు. నన్ను చూసి ఆయన ఏమీ తడబడలేదు. "ఏమప్పా, బాగుండావా, మన సముద్రం యెట్లుండాది?" అని అడిగాడు. గాజు బాగుంది, కారడం లేదన్నాను. డాగు కట్టుబాటు మాత్రం ఆ ఊళ్లో మారలేదని, అడగకుండానే ఆయన గుమాస్తా చెప్పాడు.

ఆ పని నాకు నేర్పినది కొద్దిగానే. గింజ అడ్డుపడితే మూసుకోని వాల్వును లెక్కలోకి తీసుకోకూడదు. ఎవరికైనా లోపంలా కనబడే రంధ్రాన్ని వాళ్ల చెయ్యి అందే చోట పెట్టకూడదు. ఆ తరువాత నేను వేసిన గొట్టాల్లో అటువంటి రంధ్రాలు గొట్టం వెనక వైపునే పెట్టాను. పంపు నడుస్తున్నప్పుడు ఏ పనైనా బాగానే కనిపిస్తుంది. అది ఆగాక నీళ్లు ఎక్కడికి పోతాయో చూడాలి. అక్కడ ఎవరి సొత్తు ఉందో కూడా ముందే చూసుకోవాలి.